నీలి వెలుగు కింద ఇరవై సెకన్లు

నరసరావుపేటలో పళ్ల డాక్టరుగా పనిచేస్తున్న నన్ను మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎక్కువగా అడిగేవి రెండు ప్రశ్నలు. నొప్పి పుడుతుందా అనేది ఒకటి. ఆ నీలం లైటు ఎందుకు పెడతారు అనేది రెండోది. మొదటిదానికి జవాబు ఒక్క మాటలో అయిపోతుంది: మత్తు సూది ఉంది, భయం లేదు. రెండోదానికి జవాబు చెప్పేంత తీరిక కుర్చీ పక్కన దొరకదు. బయట బెంచీ మీద ఇంకో నలుగురు దవడలు పట్టుకుని కూర్చుని ఉంటారు. కుర్చీలో ఉన్నాయనకు మాచర్ల బస్సు టైమవుతుంటుంది. అందుకే ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను.

పుచ్చిన పన్ను శుభ్రం చేసి అందులో నింపే పంటిరంగు పదార్థాన్ని మేం కాంపోజిట్ అంటాం. జనం లైటు సిమెంటు అంటారు. అది మెత్తని రెసిన్‌లో సన్నని గాజుపొడి కలిపి చేసిన పదార్థం. దాన్ని నేరుగా పంటికి పెడితే అంటుకోదు. ముందు పంటి మీద బాండింగ్ అనే ద్రవం పూయాలి. సీసాలోంచి ఒక్క చుక్క తీసి చిన్న బ్రష్షుతో రుద్దే ఆ పూత వెంట్రుక మందం కూడా ఉండదు. అటు పంటినీ ఇటు కాంపోజిట్‌నూ పట్టి ఉంచేది అదే. కాంపోజిట్ ఎంత ఖరీదైనదైనా, దాన్ని ఎంత అందంగా తీర్చిదిద్దినా, కింద ఆ పూత పచ్చిగా ఉండిపోతే ఆ పని నిలవదు. గంటసేపు పట్టే పనిలో అన్నిటికంటే విలువైనవి ఆ పూత మీద లైటు వెలిగే కొద్ది సెకన్లేనని నా గట్టి నమ్మకం.

ఆ లైటు పని వేడి చేయడం కాదు. బాండింగ్‌లోనూ కాంపోజిట్‌లోనూ చిటికెడు పసుపు రంగు పొడి కలిసి ఉంటుంది. పేరు కాంఫర్‌క్వినోన్. మన దేవుడి గూట్లో వెలిగించే కర్పూరం జాతిదే, కర్పూరాన్ని రసాయనికంగా మార్చి తయారు చేస్తారు. పసుపుగా ఉంది గనక నీలి వెలుగును పీల్చుకుంటుంది. 470 నానోమీటర్ల దరిదాపుల్లో ఉన్న వెలుగంటే దానికి మరీ ఇష్టం. వెలుగు పడగానే అది పక్కనున్న మరో రసాయనంతో కలిసి రాడికల్స్ అనే చురుకైన కణాలను పుట్టిస్తుంది. అవి రెసిన్ అణువులను ఒకదానికొకటి ముడివేస్తూ పోతాయి. ద్రవం ముద్దవుతుంది, ముద్ద గట్టిపడుతుంది. లైటు ఆపాక కూడా ఆ ముడులు కొన్ని గంటలపాటు నెమ్మదిగా పడుతూనే ఉంటాయి. కానీ మొదట్లో చాలినంత వెలుగు అందితేనే ఆ తర్వాతి భాగం సవ్యంగా సాగుతుంది. మొదట్లోనే తక్కువైతే తర్వాత ఎన్ని గంటలు గడిచినా ఆ లోటు తీరదు.

ఎంత బాగా చేసినా నూటికి నూరుపాళ్లూ గట్టిపడదు. మంచి కాంపోజిట్‌లో కూడా ముడిపడగల బంధాల్లో యాభై నుంచి డెబ్బై శాతం దాకా ముడిపడితే బాగా జరిగినట్టే లెక్క. మిగిలిన వాటిలో కొన్ని గొలుసుకు ఒక చివర వేలాడుతూ ఉంటాయి. కొన్ని విడిగా మిగిలిపోయి మెల్లగా బయటికి కారతాయి. వెలుగు సరిపోకపోతే ఈ విడి అణువులు పెరుగుతాయి. అలాంటి పూత నీళ్లు పీల్చుకుంటుంది, ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఏడాదో రెండేళ్లో అయ్యేసరికి అంచు వెంట గోధుమరంగు గీత వస్తుంది. ఆ గీత కింద మళ్లీ పుచ్చు మొదలవుతుంది.

ఇక్కడి రైతులకు ఈ సంగతి మిర్చి కళ్లంతో చెబితే ఇట్టే అర్థమవుతుంది. కాయ పైకి గలగలమంటుంది. లోపల గింజ దగ్గర తడి మిగిలి ఉంటే టిక్కీ తొక్కి కోల్డ్ స్టోరేజీకి పంపాక బూజు పడుతుంది. గుంటూరు యార్డులో బస్తా విప్పినప్పుడుగానీ తెలియదు. పన్ను కూడా అంతే తల్లీ అంటే, "అయితే బాగా ఎండనియ్యండి డాక్టరమ్మా, తొందరేం లేదులే" అంటారు. అప్పటిదాకా బస్సు టైమని గోల చేసినవాళ్లే ఆ మాటంటారు.

మరి ఎంతసేపు? దీనికి చిన్న లెక్క ఉంది. లైటు బలాన్ని ఒక చదరపు సెంటీమీటరు మీద పడే మిల్లీవాట్లలో కొలుస్తారు. దాన్ని సెకన్లతో గుణిస్తే పంటికి అందిన శక్తి వస్తుంది. 1000 మిల్లీవాట్ల లైటు 20 సెకన్లు వెలిగితే 20 జౌళ్లు. 400 మిల్లీవాట్ల పాత లైటు అదే 20 సెకన్లు వెలిగితే 8 జౌళ్లే. రెండు మిల్లీమీటర్ల మందం కాంపోజిట్ లోపలిదాకా గట్టిపడాలంటే సుమారు 16 జౌళ్లు కావాలని మా పుస్తకాలు చాలాకాలంగా చెబుతున్నాయి. పదార్థాన్ని బట్టి అది కొంచెం అటూఇటూ అవుతుంది. ముదురు రంగు కాంపోజిట్ అయితే ఇంకొంచెం ఎక్కువసేపు కావాలి. మావైపు పెద్దవయసువాళ్ల పళ్లకు సరిపోయే రంగులు ఎక్కువగా ముదురువే గనక ఈ సంగతి నాకు రోజూ పనికొస్తుంది.

లెక్క ఇంత తేలికైతే బలమైన లైటు కొని మూడు సెకన్లలో పని ముగించవచ్చు కదా అని కుర్ర డాక్టర్లు అడుగుతారు. లైట్లు అమ్మడానికి వచ్చే కుర్రాళ్లు కూడా అదే చెబుతారు. ఈ మూడు సెకన్ల మాటను నేను ఒప్పుకోను. మూడువేల మిల్లీవాట్లు మూడు సెకన్లు, తొమ్మిదివందల మిల్లీవాట్లు పది సెకన్లు: కాగితం మీద రెండూ 9 జౌళ్లే. పదార్థంలో మాత్రం రెండూ ఒకటి కావు. వెలుగు మరీ జోరుగా పడితే రాడికల్స్ ఒక్కసారిగా పుట్టి, గొలుసులు పొడుగ్గా ఎదగకముందే ఒకదాన్నొకటి ఆపేసుకుంటాయి. ఎన్ని కంపెనీల పదార్థాలు ఉన్నాయో అన్ని రకాల ఫలితాలు వస్తాయి. కొన్ని ఆ జోరును తట్టుకునేలా ప్రత్యేకంగా చేసినవి ఉన్నాయి, వాటిని కాదనను. కానీ చేతిలో ఉన్న సీసా ఏ రకమో చూసుకోకుండా మూడు సెకన్లకే లైటు తీసేయడం రోగికి చేసే మేలు కాదు. అంత కొద్దిసేపట్లో చేయి ఒక్క క్షణం పక్కకు జరిగినా మూడోవంతు వెలుగు పోయినట్టే. ఇరవై సెకన్లలో అదే క్షణం పోతే నష్టం చాలా తక్కువ.

చేయి జరగడం అన్నది మాటవరసకు అనడం లేదు. కెనడాలోని డల్హౌసీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ప్రైస్ బృందం బొమ్మ నోటిలోని పళ్లలో సెన్సార్లు అమర్చి, ఒకే లైటు, ఒకే కాలం ఇచ్చి వేర్వేరు డాక్టర్ల చేత, విద్యార్థుల చేత వెలిగింపజేసింది. పంటికి చేరిన శక్తి మనిషికీ మనిషికీ ఎంతో తేడాగా ఉంది. కారణం చాలా మామూలుది. నీలి వెలుగు కంటికి మంచిది కాదని మాకు తెలుసు. ఆరెంజ్ రంగు అద్దాలు పెట్టుకోనివాళ్లు లైటు వెలగగానే ముఖం పక్కకు తిప్పుకుంటారు. ముఖం తిరిగితే చేయీ తిరుగుతుంది. లైటు చిగురు మీదో బుగ్గ మీదో పడుతుంది. టైమర్ మాత్రం పూర్తయిందని కూత పెడుతుంది. అందుకే అద్దాలు పెట్టుకుని, వెలుగు ఎక్కడ పడుతోందో చూస్తూ, రెండో చేత్తో లైటు తలను ఆనించి పట్టుకోవాలి. నా దగ్గర పనిచేసే అమ్మాయికి మొదటి నెలలో నేర్పింది ఇదే. ఇప్పుడు ఆ అమ్మాయి అద్దాలు తీసి చేతికి అందించాకే లైటు ఇస్తుంది.

దవడ పళ్లలో ఇది మరింత కష్టం. రెండు పళ్ల మధ్య పుచ్చిన చోట గుంత లోతుగా ఉంటుంది. చుట్టూ ఇనుప రేకు కట్టి ఉంటుంది. లైటు మూతి పంటి తలమీదే ఆగిపోతుంది. గుంత అడుగు ఆరేడు మిల్లీమీటర్ల దూరంలో ఉండిపోతుంది. దూరం పెరిగేకొద్దీ వెలుగు పలచబడుతుంది, రేకు నీడ ఒకవైపు మింగేస్తుంది. బాండింగ్ పూసేది సరిగ్గా ఆ అడుగునే. బాండింగ్ డబ్బా మీద పది సెకన్లని రాసి ఉంటే ఆ పది సెకన్లూ మూతి పంటికి ఆనినప్పటి మాట. అడుగున ఉన్న పూతకు నేను రెట్టింపు ఇస్తాను. రేకు తీసేశాక బుగ్గ వైపు నుంచి ఒకసారి, నాలుక వైపు నుంచి ఒకసారి మళ్లీ వెలిగిస్తాను.

బాండింగ్‌కు కాంపోజిట్ కంటే చిక్కులు ఎక్కువ. మొదటిది గాలి. గాలిలోని ఆక్సిజన్ ఆ రాడికల్స్‌ను మింగేస్తుంది. అందువల్ల ఏ పూత అయినా పైపొర జిగురుగానే మిగులుతుంది. కొంచెం జిగురు మంచిదే, దాని మీద పెట్టే కాంపోజిట్ దాన్ని పట్టుకుంటుంది. కానీ పూతే మరీ పలచనైతే మొత్తం ఆ జిగురు పొరే అయిపోతుంది, గట్టిపడే భాగం మిగలదు. రెండోది సీసాలోని ద్రావకం. బాండింగ్‌లో ఆల్కహాలో అసిటోనో కలుపుతారు. పంటిలోని సన్నని రంధ్రాల్లోకి రెసిన్‌ను తీసుకెళ్లేది అదే. తీసుకెళ్లాక అది ఎగిరిపోవాలి. ఎగిరిపోకుండా లైటు వేస్తే ఎన్ని సెకన్లు వేసినా లోపల అణువులు దూరదూరంగానే ఉండిపోతాయి. గాలి ఊదే ఆ అయిదు సెకన్లూ లైటు సెకన్లతో సమానమైనవని నా అభిప్రాయం.

మా ఎండల వల్ల ఇందులో మరో ఇబ్బంది ఉంది. మా రెంటచింతల పేరు వేసవిలో పత్రికల్లో వచ్చేది ఎండ తీవ్రత వల్లే. ఎండాకాలంలో కరెంటు పోయి ఏసీ ఆగిందంటే గదిలో సీసా మూత తీసి ఉంచిన అసిటోన్ రకం బాండింగ్ చూస్తుండగానే చిక్కబడుతుంది. చిక్కబడింది పంటి రంధ్రాల్లోకి దిగదు. చాలా కంపెనీలు తమ సరుకును 25 డిగ్రీలు దాటనివ్వొద్దని రాస్తాయి. మే నెలలో మా దగ్గర ఆ మాట పాటించాలంటే ఫ్రిజ్ తప్ప దారి లేదు. ఫ్రిజ్‌లోంచి తీశాక వెంటనే వాడకూడదు, గది వేడికి రానివ్వాలి. చుక్కను పళ్లెంలో వేసి అలా వదలకూడదు, పూసే ముందే వేయాలి, వేశాక మూత పెట్టాలి. కుర్చీ మీది పెద్ద లైటు వెలుగులో కూడా ఆ చుక్క మెల్లగా ముదరడం మొదలుపెడుతుంది.

దగ్గరగా చూపించాలంటే ఒక పని చెబుతాను. రొంపిచర్ల వైపు నుంచి వచ్చే పెద్దలు చాలామంది పై కోరపళ్ల దగ్గర గంట్లు పడి వస్తారు. చిగురు అంచున పన్ను గొడ్డలితో కొట్టిన చెట్టు మొదలంత లోతుకు అరిగిపోయి ఉంటుంది. ఏళ్ల తరబడి గరుకు పళ్లపొడితో, గట్టి బ్రష్షుతో, అడ్డంగా రుద్దడం వల్ల వచ్చేదది. "కుండలో నీళ్లు తాగితే జివ్వున లాగుద్ది డాక్టరమ్మా, మిరపకాయ బజ్జీ సంగతి చెప్పబాక" అన్నారొకాయన. నాకు తాత వరస వయసు.

"నోరు బాగా తెరువు తాతా. కదలబాక. లైటు పెట్టినప్పుడు కళ్లు మూసుకో."

"షాకు గాని కొడుద్దా?"

"కొట్టదు తాతా, ఉత్త వెలుగే."

ఈ గంటుకు గోడలు లేవు. పుచ్చిన పంటిలో అయితే గుంత ఉంటుంది, సిమెంటు ఆ గుంతలో ఇరుక్కుని కొంతకాలం నిలుస్తుంది. ఇక్కడ ఇరుక్కునే చోటే లేదు. బాండింగ్ పట్టు ఒక్కటే ఆధారం. ప్రపంచంలో ఎక్కడ కొత్త బాండింగ్ వచ్చినా దాన్ని మనుషుల్లో పరీక్షించేటప్పుడు ఇలాంటి గంట్లనే ఎంచుకోవడానికి కారణం అదే. పైగా అరిగిన చోట పంటి లోపలి పొర గాజులా నిగనిగలాడుతూ గట్టిపడి ఉంటుంది, బాండింగ్‌కు ముందు పెట్టే యాసిడ్ తొందరగా పట్టదు. ముందు దాన్ని బర్‌తో పైపైన గరుకు చేశాను. చిగురులోంచి ఊరే తడి రాకుండా సన్నని దారం చిగురు కింద నొక్కాను. నీలం రంగు యాసిడ్ జెల్‌ను పంటి పైపొర అయిన ఎనామిల్ అంచున ముందు పెట్టి, లోపలి పొర మీద చివరి పదిహేను సెకన్లు మాత్రం ఉంచాను. కడిగాను. కడిగిన చోటును ఎండగొట్టకుండా దూదితో అద్దాను, సన్నని తడి మెరుపు మిగలాలి. తర్వాత బాండింగ్ చుక్క. ఇరవై సెకన్లు ఆగకుండా రుద్దడం. ఆ తర్వాత గాలి, మొదట దూరం నుంచి మెల్లగా, తర్వాత కొంచెం దగ్గర నుంచి. గాలికి పూత మీద అల లేవడం ఆగిపోయిందంటే ద్రావకం పోయినట్టు. అప్పుడు లైటు.

డబ్బా మీద పది సెకన్లని ఉంది. నేను ఇరవై ఇచ్చాను. ఎందుకంటే, ఒకే సీసాలో అన్నీ కలిపి అమ్మే ఇప్పటి బాండింగ్‌లు నీటిని ఇష్టపడే రకాలు. కంపెనీ చెప్పిన కాలం కంటే ఎక్కువసేపు వెలుగు ఇస్తే అలాంటి పూతలు మరింత గట్టిపడ్డాయని, వాటిగుండా నీరు కారడం తగ్గిందని ప్రయోగశాలల్లో ఒకటికి రెండుసార్లు తేలింది. పది సెకన్ల సమయం ఖర్చుపెడితే వచ్చే లాభం అది. దానికి వెనకాడటానికి నాకు కారణం కనిపించలేదు. తర్వాత కాంపోజిట్ రెండు పొరలుగా పెట్టి ఒక్కో పొరకు ఇరవై సెకన్లు ఇచ్చాను. చివరి పొర మీద గ్లిజరిన్ జెల్ రాసి మళ్లీ వెలిగించాను. జెల్ గాలిని అడ్డుకుంటుంది గనక పైపొర కూడా గట్టిపడుతుంది. తాత అద్దంలో చూసుకుని, పక్కనున్న చల్లనీళ్లు పుక్కిలించి, ఏమీ అనకుండా మరో గుక్క తాగారు.

ఎక్కువసేపు మంచిదని చెప్పి అరనిమిషం, నిమిషం ఆనించి ఉంచవచ్చా అంటే, కూడదు. ఇప్పటి బలమైన ఎల్‌ఈడీ లైట్లు వేడి పుట్టిస్తాయి. పంటి లోపల నరం, రక్తనాళాలు ఉన్న గుజ్జు చిన్న గదిలో బిగించి ఉంటుంది. 1965లో జాక్, కోహెన్ అనే ఇద్దరు పరిశోధకులు కోతుల పళ్ల మీద చేసిన పరీక్షలో లోపలి వేడి 5.5 డిగ్రీలు పెరిగితే దాదాపు పదిహేను శాతం పళ్లలో గుజ్జు కోలుకోలేదు. పుచ్చు లోతుగా పోయి గుజ్జుకు పలచని గోడ మాత్రమే మిగిలిన పంటిలో ఆ భయం ఇంకా ఎక్కువ. అందుకే ఇరవై సెకన్లకు మించి కావాల్సి వస్తే పది, పది చొప్పున విడదీసి మధ్యలో ఆగుతాను. పక్క నుంచి నా దగ్గర పనిచేసే అమ్మాయి గాలి ఊదుతూ ఉంటుంది.

మేం చదువుకున్న రోజుల్లో లైట్లు హాలోజన్ బల్బువి. లోపల ఫ్యాన్ తిరిగే చప్పుడు, ముందు గాజు కడ్డీ. ఒక్కో పొరకు 40 సెకన్లు. మా పల్నాడులో వాటితో పెద్ద బాధ వోల్టేజీ. సాయంత్రం మోటార్లన్నీ తిరిగే వేళ కరెంటు పడిపోతే బల్బు వెలుగుతూనే ఉంటుంది, కానీ నీలం పలచబడుతుంది. కంటికి తేడా తెలియదు. బల్బు పాతబడేకొద్దీ, లోపలి అద్దం మసకబారేకొద్దీ కూడా అంతే. ఇప్పుడు అవి దాదాపు పోయాయి. నీలి ఎల్‌ఈడీని కనిపెట్టినందుకు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. ఇళ్లలో తెల్లని బల్బులు వచ్చింది దానివల్లేనని అందరూ చెప్పుకున్నారు. మా చేతిలోకి బ్యాటరీతో నడిచే చిన్న లైటు వచ్చింది కూడా దానివల్లే. కరెంటు కోతలున్న ఊళ్లో ఆ మేలు చిన్నది కాదు.

అయితే ఎల్‌ఈడీ కూడా ఎప్పటికీ ఒకేలా ఉండదు. కొన్ని చవకరకం లైట్లలో బ్యాటరీ తగ్గేకొద్దీ వెలుగూ తగ్గుతుంది. మూతికి కాంపోజిట్ ముక్క అంటుకుని గట్టిపడితే అది నీడ వేస్తుంది. మూతికి తొడిగే ప్లాస్టిక్ తొడుగు ముడతలు పడినా వెలుగు కొంత పోతుంది. ఇవన్నీ పట్టుకోవడానికి రేడియోమీటరు ఉంది, మూతి ఆనిస్తే అంకె చూపిస్తుంది. అది లేకపోయినా ఒక పాత పరీక్ష ఉంది. కాంపోజిట్ లోతుగా ఎంతవరకు గట్టిపడిందో చూడటానికి అంతర్జాతీయ ప్రమాణంగా పెట్టుకున్న పద్ధతి అదే. ఒక చిన్న ఇనుప గొట్టంలో కాంపోజిట్ నింపి పైనుంచి ఇరవై సెకన్లు లైటు వేయాలి. గొట్టంలోంచి బయటికి తోసి, అడుగున మెత్తగా ఉన్నదాన్ని ప్లాస్టిక్ పుల్లతో గీకేయాలి. మిగిలిన గట్టి ముక్క పొడవు కొలిచి సగం చేయాలి. ఆ సగమే నమ్మదగ్గ లోతు. ముక్క అయిదు మిల్లీమీటర్లు ఉంటే పొర రెండున్నర మిల్లీమీటర్లు దాటకూడదన్నమాట. పూర్తిగా గట్టిపడిన చోటు, గీకితే రాని చోటు ఒకటి కావు గనకే సగం చేస్తారు. నెలకోసారి ఈ ముక్కను చేసి తారీఖు రాసి డబ్బాలో వేస్తాను. ముక్కలు పొట్టివవుతున్నాయంటే లైటుకు వయసొచ్చినట్టు.

ఇక క్లిప్పుల సంగతి. పళ్ల వరస సరిచేసే ఇనుప బ్రాకెట్లను కూడా ఈ లైటు జిగురుతోనే అతికిస్తాం. ఇనుములోంచి వెలుగు పోదు. కింద ఉన్న జిగురుకు అంచుల నుంచి దొంగచాటుగా అందిన వెలుగే దిక్కు. అందుకే ఒకపక్క నుంచి పది సెకన్లు, రెండోపక్క నుంచి మరో పది ఇవ్వాలి. ఒకేవైపు నుంచి వేసి వదిలేసిన బ్రాకెట్ జామకాయ కొరికిన రోజే చేతికొస్తుంది.

పల్నాడులో బ్రాకెట్లు ఊడటానికి మరో కారణం నీళ్లలో ఉంది. బొల్లాపల్లి, వినుకొండ, వెల్దుర్తి వైపు నుంచి వచ్చే పిల్లల పళ్ల మీద సుద్దరంగు మచ్చలు, గోధుమ చారలు కనిపిస్తాయి. జనం గార పళ్లంటారు, తోమితే పోతాయనుకుని ఇంకా గట్టిగా రుద్దుతారు. అది గార కాదు, ఫ్లోరోసిస్. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిదని, వేరే నీళ్లు దొరకనప్పుడు ఒకటిన్నర దాకా సరిపెట్టుకోవచ్చని మన భారతీయ ప్రమాణం. చిన్నప్పుడు, శాశ్వత దంతాలు చిగురు లోపల తయారవుతున్న వయసులో, అంతకంటే ఎక్కువ ఉన్న బోరు నీళ్లు తాగితే ఎనామిల్ సరిగా కూడదు. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించి 1937లో వైద్య పత్రికలో రాసింది కూడా మన పక్కనే, అప్పటి నెల్లూరు జిల్లా ఊళ్ల నుంచే. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ నీళ్లు అందిన ఊళ్లకూ, కాలువ ఎక్కని మెట్ట ఊళ్లకూ మధ్య తేడా పిల్లల ముందుపళ్లలో కనిపిస్తుంది.

అదే 1955లో అమెరికాలోని రోచెస్టర్‌లో మైకేల్ బ్యూనోకోర్ అనే దంతవైద్యుడు, ఇనుముకు రంగు బాగా పట్టడానికి కర్మాగారాల్లో ఫాస్ఫారిక్ యాసిడ్ వాడటం చూసి, దాన్నే ఎనామిల్ మీద ప్రయోగించాడు. మా బాండింగ్ విద్యకు మొదలు అది. ఆయన వాడింది 85 శాతం యాసిడ్, ఇప్పుడు మేం వాడేది 37 శాతం. యాసిడ్ పడిన ఎనామిల్ మీద కంటికి కనిపించని గుంతలు పడతాయి. బాండింగ్ వాటిలోకి దిగి గట్టిపడుతుంది. ఫ్లోరోసిస్ పన్నుకు చిక్కు ఇక్కడే. దాని పైపొర యాసిడ్‌కు లొంగదు, లోపలి పొర గుల్లగా ఉంటుంది. మామూలు పంటికి చాలిన పదిహేను, ముప్పై సెకన్ల యాసిడ్ దీనికి చాలదు. మచ్చ ముదిరిన పళ్లలో పైపొరను పలచగా గరుకు చేసి, యాసిడ్ కాలం రెట్టింపు చేస్తాను. దీని మీద పరిశోధకులందరిదీ ఒకే మాట కాదు. నా చేతుల్లో మాత్రం అదే నిలిచింది. యాసిడ్ పట్టని పంటి మీద లైటు ఎన్ని సెకన్లు వేసినా ఉపయోగం లేదు. జిగురు చక్కగా గట్టిపడుతుంది, పంటికి అంటకుండా గట్టిపడుతుంది. పిల్లవాడి తల్లి ఊడిన బ్రాకెట్‌ను కాగితంలో పొట్లం కట్టి తెచ్చినప్పుడు దాని వెనక జిగురు మొత్తం దానికే అంటుకుని ఉంటే, తప్పు లైటుది కాదని, యాసిడ్ దగ్గర జరిగిందని చూడగానే తెలుస్తుంది. జిగురు సగం పంటి మీద, సగం బ్రాకెట్ మీద ఉండి గోటికి మెత్తగా తగిలితే వెలుగు చాలలేదని అర్థం. ఊడిన ప్రతి ముక్కనూ తిప్పి చూడటం అలవాటు చేసుకుంటే అది చాలా చెబుతుంది.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయ్యాక నరసరావుపేటలోనూ, మాచర్ల, గురజాల, పిడుగురాళ్లలోనూ కొత్త క్లినిక్కులు తెరుస్తున్న కుర్ర డాక్టర్లను చూస్తే సంతోషంగా ఉంది. ఒకప్పుడు పన్ను నొప్పంటే గుంటూరు పోవాల్సిన ఊళ్లివి. వాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఇంతే. కుర్చీకి, గోడల రంగులకు పెట్టే ఖర్చులో కాస్త మిగిల్చి మంచి లైటు, రేడియోమీటరు కొనండి. ఆరెంజ్ అద్దాలు పెట్టుకోండి. లైటును అసిస్టెంటు చేతికిచ్చి ఫోను చూడకండి. డబ్బా మీద ఉన్న కాలం అతి తక్కువ కాలమని అనుకోండి.

పాఠకులకు కూడా ఒక మాట. మా కుర్చీలో ఆ నీలి లైటు వెలిగేటప్పుడు నాలుకతో తడమకండి, నోరు మూయకండి, తొందరపెట్టకండి. ఇరవై సెకన్లు మాకివ్వండి.